నిలువుటద్దం

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల నుండి విహారయాత్రగా హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లే విద్యార్థులు ఒక కొయ్యశిల్పం వద్ద తప్పక ఆగుతారు. 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఒకే దుంగను చెక్కి మలచిన శిల్పమది. ముందువైపు మెఫిస్టాఫిలిస్ గర్వంగా నిలిచి ఉంటాడు. వెనుక ఉంచిన అద్దంలో తలవంచుకొన్న మార్గరెట్టా కనిపిస్తుంది. వీరిద్దరూ జర్మన్ మహాకవి గెథే రచించిన ‘ఫౌస్ట్’ నాటకంలోని పాత్రలు. అద్దమే లేకపోతే ఆ శిల్పంలో సగం మరుగున పడిపోయేది. అయితే ఇతర వస్తువుల వెనుక ఏముందో చూపే అద్దం తన వెనుక ఏముందో చూపదు.

అదే శతాబ్దపు తొలినాళ్లలో, నెపోలియన్ కాలంలో, గోడ ఆధారం లేకుండా నిలిచే నిలువుటద్దాలు ఫ్రాన్సులోని సంపన్న గృహాలను అలంకరించాయి. రెండు స్తంభాల నడుమ ఇరుసులపై అమర్చడం వల్ల అద్దాన్ని ముందుకూ వెనుకకూ వంచి, ఆపాదమస్తకం చూసుకొనే వీలుండేది. గ్రీకు పురాణ సుందరి సైకీ పేరే దీనికి పెట్టారు. 18వ శతాబ్దంలో పాంపే నగర శిథిలాలు బయటపడిన పిమ్మట ప్రాచీన రోమన్ శైలిపై మోజు పెరిగింది. అందుకే మహాగని కర్రతో చేసిన ఈ చట్రాలలో నిటారు స్తంభాలు, బంగారు పూత పూసిన కంచు నగిషీలు కనిపిస్తాయి. 1810లో నెపోలియన్‌ను వివాహమాడిన మేరీ లూయీజ్‌కు పారిస్ నగరం సమర్పించిన అలంకరణ సామగ్రిలోనూ ఇటువంటి అద్దం ఉండేది. తరువాత దానిని కరిగించివేశారు. నేడు దాని రూపం చిత్రాలలో మాత్రమే మిగిలింది.

మనిషి ఎత్తు గాజు పలకను ఊది తయారుచేయడం కష్టం. 17వ శతాబ్దం చివర, కరిగిన గాజును బల్లపై పోసి పరచే పద్ధతి ఫ్రాన్సులో రావడంతో ఆ చిక్కు తీరింది. పూత సంగతి వేరు. పలుచని తగరపు రేకును పరచి, దానిపై పాదరసం పోసి, గాజును మెల్లగా జరిపి, పైన బరువులు పెట్టేవారు. మిగులు పాదరసం కారిపోవడానికి వారాలు పట్టేది. ఆ ఆవిరిని నిత్యం పీల్చిన కార్మికులకు చేతులు వణికేవి, చిగుళ్లు చెడి పళ్లు ఊడేవి. రాణులు ముఖం చూసుకొన్న అద్దాలకు మెరుపునిచ్చింది ఈ చేతులే. 1835లో జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ గాజుపై వెండి పూత నిలిపే రసాయన చర్యను కనుగొన్నాడు. అయినా కర్మాగారాలు పాదరసాన్ని పూర్తిగా విడిచిపెట్టడానికి దశాబ్దాలు పట్టింది.

పాత బంగళాలోనో పురాతన వస్తువుల దుకాణంలోనో ఇటువంటి అద్దం కనిపిస్తే, మసకబారిందని గాజు మార్పించడం తొందరపాటు. ఆ మసకే దాని వయస్సుకు సాక్ష్యం. పాదరసపు పూత గల అద్దంలో కింది అంచున సన్నని బిందువులు చేరుతుంటాయి. వాటిని తాకరాదు, వెనుకభాగాన్ని గీకరాదు. అద్దాన్ని తలకిందులు చేయకుండా నిలువుగానే ఉంచి నిపుణులకు చూపాలి.