వుజూ దగ్గర ఆగిపోయిన మనిషి

పాతబస్తీలో ముప్ఫై ఏళ్లు కౌన్సెలింగ్ చేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు నా తప్పుల్లో కొన్ని చెబుతాను.

1. గుమ్మం బయట మనిషి చెప్పులు విడుస్తాడు, దీన్‌ను కాదు.

నేను మాత్రం ఆ ధర్మాన్నీ విడిచి రమ్మన్నట్టే కూర్చునేవాణ్ని. నేనూ నమాజు చదివేవాణ్నే, అయినా గదిలో ఆ మాట ఎత్తితే చదువుకు తలవంపులనుకునేవాణ్ని. ఒకాయన నమాజుకు ముందు చేసే వుజూకే గంటసేపు కాళ్లూ చేతులూ కడుక్కునేవాడు. ఓసీడీ అని రాసుకుని, కడగడం తగ్గించమన్నాను. "మరి నమాజు చెల్లుతుందా సాబ్?" అన్నాడు. అది నా విషయం కాదన్నాను. మళ్లీ రాలేదు. పాశ్చాత్య సిద్ధాంతాలను నమలకుండా మింగే ముస్లిం సైకాలజిస్టులను సూడాన్‌కు చెందిన మాలిక్ బద్రీ 1979లోనే ఒక పుస్తకంలో నిలదీశాడు. అది నా చేతికి చాలా ఆలస్యంగా వచ్చింది. కారణం తెలిసిన దిగులు వేరు, తెలియని దిగులు వేరని వెయ్యేళ్లకు ముందే విడదీసిన అబూ జైద్ అల్ బల్ఖీ సంగతీ బద్రీ వల్లే తెలిసింది.

2. మౌలానా తోడు మంచిదే, హద్దు ఉండాలి.

అలాంటి మనిషే ఇంకొకడు వచ్చినప్పుడు మౌలానా దగ్గరికి నేనే తీసుకెళ్లాను. మూడుసార్లు కడిగితే చాలు, ఖాయంగా తెలిసినదాన్ని అనుమానం చెరపదు అని ఆయన ఫిఖ్‌హ్ (ధర్మశాస్త్ర) సూత్రం చెప్పారు. కడగడం తగ్గించేందుకు నేను చేయించే సాధనకు అది సరిగ్గా సరిపోయింది. నెల తిరక్కుండా ఆ అబ్బాయి రోజుకు పదిసార్లు మౌలానాకు ఫోన్ చేసి అదే ప్రశ్న అడగసాగాడు. చేతులు కడగడం పోయి ఫత్వా అడగడం పట్టుకుంది! వస్వసా, అంటే ఆ వదలని అనుమానం, తలుపు మార్చుకుందంతే. ఒక ప్రశ్నకు ఒక్కసారే జవాబని ముగ్గురం కూర్చుని ఒప్పందం చేసుకున్నాక గాని దారికి రాలేదు.

3. రంజాన్ రాకముందే మందుల మాట ఎత్తాలి.

రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు ఉంది. అయినా చాలామంది మనకు చెప్పకుండానే ఉపవాసం ఉంటారు. లిథియం వాడేవాళ్లకు పగలంతా నీళ్లు లేకపోతే ఒంట్లో మందు పెరిగి ప్రమాదం కావచ్చు. సహరీకి, ఇఫ్తార్‌కు మోతాదులు సర్దవచ్చో లేదో డాక్టరు ముందే తేల్చాలి.

4. ఫారంలో ఎవరూ నమాజు ఎగ్గొట్టరు.

పరిశోధన పేరుతో రోజుకు ఎన్ని పూటలు చదువుతారని అడిగాను. గడ్డంతో ఎదురుగా కూర్చున్నవాడు అడిగితే ఎవరైనా అయిదే అంటారు. నేను కొలిచింది భక్తిని కాదు, మొహమాటాన్ని. ఘబ్రాహట్ (గాభరా) వచ్చినప్పుడు ముందుగా ఏం చేస్తారని అడిగి ఉండాల్సింది.

5. దుఆను గోలీలా రాసివ్వకూడదు.

బద్రీని చదివిన వేడిలో అటు కొస నుంచి ఇటు కొసకు దూకాను. పురిట్లో బిడ్డను పోగొట్టుకున్న అమ్మాయి వస్తే సబర్ (ఓర్పు) గురించి, నమాజులో దొరికే నెమ్మది గురించి చెప్పి పంపాను. ఆమె అప్పటికే అర్ధరాత్రి లేచి తహజ్జుద్ నమాజు చదువుతూ ఏడుస్తోందట. తన ఈమాన్‌లోనే, విశ్వాసంలోనే లోటుందని నేనన్నట్టు ఆమెకు అర్థమైందని తర్వాత తల్లి వచ్చి చెప్పింది. బిడ్డకు ఏం పేరు అనుకున్నారో కూడా నేను అడగలేదు.