పండక్కి ముందే ఆ అంకె చెప్పేయండి

దసరా మొదలు సంక్రాంతి దాకా మన ఇళ్లలో ఖర్చుకి తెరిపి ఉండదు. బట్టలు, టపాసులు, ధనత్రయోదశికి గ్రామైనా బంగారం, కార్తీకంలో గుళ్ల ప్రయాణాలు, ఆ తర్వాత ఊరెళ్లడాలు, కొత్త అల్లుడుంటే మర్యాదలు. రైల్వే ఉద్యోగులకి బోనస్, సింగరేణి కార్మికులకి లాభాల్లో వాటా వచ్చేదీ ఈ రోజుల్లోనే. 2014 అక్టోబరులో ఫ్లిప్‌కార్ట్ ‘బిగ్ బిలియన్ డేస్’ మొదలైన దగ్గర్నుంచి పండగ సీజన్ అంటే సేల్ సీజన్ కూడా. ఫలానా కార్డుతో కొంటే 10 శాతం తగ్గింపు అనగానే చెయ్యి కార్డు మీదికే పోతుంది.

కార్డు అప్పుల్లో పడ్డవాళ్లని అందరూ దుబారా మనుషులంటారు. నాకు మాత్రం ఎక్కువగా కనిపించేది మొహమాటం.

బట్టల షాపులో కాసేపు కూర్చుంటే ఇది తెలుస్తుంది. సేల్స్‌మన్ చీర మీద చీర పరుస్తుంటాడు. తల్లి ఒక చీర అంచు పట్టుకుని, మెల్లిగా ధర చీటీ తిప్పి చూస్తుంది. కొడుకు ఆ చీటీ మీద చెయ్యి అడ్డం పెట్టి, ‘ధర నీకెందుకమ్మా, నచ్చింది తీసుకో’ అంటాడు. ఎంత ప్రేమగల మాట! కానీ అమ్మకి తీసుకున్నాక అత్తగారికి తగ్గించలేడు. భార్యకి కొన్నాక ఆడపడుచుకి అంతకన్నా తక్కువది పెట్టలేడు. పిల్లల బట్టలు సరేసరి. ఖాతాలో అంత డబ్బు లేదని అతనొక్కడికే తెలుసు. కౌంటర్ దగ్గర 40,000 స్వైప్ చేసి నవ్వుతూ బయటికొస్తాడు.

నెల తిరిగాక వచ్చే బిల్లులో రెండు అంకెలుంటాయి: మొత్తం బాకీ 40,000, కనీస చెల్లింపు 2,000. చాలా కార్డులకి కనీస మొత్తం దాదాపు 5 శాతం ఉంటుంది. ఆ రెండు వేలు కట్టేస్తే ఈ నెలకి గండం గడిచిందనుకుంటాం. కానీ నెలకి 3.5 శాతం చొప్పున వడ్డీ 1,400, దాని మీద 18 శాతం జీఎస్టీ 252. అంటే కట్టిన రెండు వేలల్లో 1,652 అటే పోయింది, అసలు తగ్గింది 348 రూపాయలు. పైగా మొత్తం కట్టనందుకు వడ్డీ లేని గడువు కూడా పోతుంది. ఆ తర్వాత కొన్న పాల ప్యాకెట్‌కైనా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం దాటకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన తీర్పును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ కాస్త అడ్డూ ఇప్పుడు లేదు. ‘నో కాస్ట్ ఈఎంఐ’లో కూడా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ మన నెత్తినే పడుతుంటాయి. అసలు సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే. పండక్కి ఎంత ఖర్చు పెట్టగలరో ఆ అంకెని నెల ముందే ఇంట్లో నోరు తెరిచి చెప్పండి. అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు, ‘ఈసారి బట్టలకి పాతిక వేలు, అంతే’ అనండి. ఇల్లంతా తన సంపాదన మీదే నడుస్తున్నవాడికి ఈ మాట పెగలదు. తక్కువైపోతానని భయం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఊరికొచ్చే కొడుక్కీ కూతురికీ ఆ భయం మరీ ఎక్కువ. కానీ చెప్పి చూడండి. చాలా ఇళ్లలో ముందుగా సర్దుకునేది అమ్మే: ‘నాకు ఉగాదికి కొన్నది మడత కూడా విప్పలేదురా’ అంటుంది. పిల్లలు సైతం రెండు జతల్లో ఏది కావాలో తేల్చుకుంటారు. లెక్క తెలిసినవాళ్లు సాయపడతారు, తెలియనివాళ్లు ఎలా సాయపడగలరు?

ఆ మాట మీద నిలబడటానికి కొన్ని ఏర్పాట్లూ ఉన్నాయి. 2020 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల వల్ల ఆన్‌లైన్ కొనుగోళ్లకి, షాపులో స్వైప్‌కి విడివిడిగా పరిమితి పెట్టుకోవచ్చు, అక్కర్లేనిది ఆపేయొచ్చు. షాపింగ్ యాప్‌లలో దాచిన కార్డు వివరాలు తీసేయండి. ఆటో డెబిట్ పెట్టుకుని ఉంటే అది మొత్తం బాకీకా, కనీస మొత్తానికా అన్నది ఈరోజే చూడండి. ఎప్పుడో కనీసం అని నొక్కేసి మర్చిపోయినవాళ్లు చాలామంది ఉంటారు.

దీపావళి బిల్లు ఇప్పటికే మెడకి చుట్టుకుని ఉంటే, ముందు ఆ సంగతి భార్యకో భర్తకో చెప్పండి. దాచినంతకాలం కొత్త ఖర్చులు వద్దనడానికి మీ దగ్గర కారణం ఉండదు. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి తీసుకున్న అప్పుతో కార్డు బాకీ తీర్చడం మంచిది, ఆ వడ్డీ కార్డు వడ్డీ కంటే చాలా తక్కువ. బాకీ పూర్తిగా తీరేదాకా ఆ కార్డు బయటికి తీయొద్దు. సంక్రాంతికి ఊరెళ్లే బస్సు టికెట్ కూడా ఖాతాలో ఉన్న డబ్బుతోనే కొనుక్కోండి.