నొప్పి చెప్పే మాట విందాం

(యౌవనస్థుల, స్త్రీల, పెద్దల కూడికలకు అధ్యయన పాఠం)

పాఠం ఉద్దేశం: శరీరంలో కలిగే నొప్పి, ఇబ్బంది మనకు ఏమి చెబుతున్నాయో గుర్తించడం, ఎప్పుడు ఓర్చుకోవాలో, ఎప్పుడు ఆగాలో నేర్చుకోవడం.



"ఓర్చుకో" అన్న మాట వింటూనే మనమందరం పెరిగాము. మన తాతముత్తాతలు పని వెదుక్కుంటూ రైల్వేలకు, బొంబాయి బట్టల మిల్లులకు, కోలారు బంగారు గనులకు తరలివచ్చినవారు. ఒక రోజు పని మానితే ఆ రోజు కూలి పోయేది. అటువంటి బ్రతుకులో నొప్పిని దిగమింగక తప్పేది కాదు. ఆ ఓర్పు వలననే మనం ఈనాడు ఈ స్థితిలో ఉన్నాము. అయితే ఓర్పు వేరు, వినిపించుకోకపోవడం వేరు. ఈ రెండింటికీ గల తేడాను తెలుసుకోవడమే నేటి పాఠం.

1. నొప్పి లేకపోతే ఏమవుతుంది?

నొప్పి లేని శరీరం ఉంటే ఎంత బాగుండునో అని మనం అనుకుంటాము. అది ఎంత ప్రమాదమో రుజువైన ఊరు మనకు దగ్గరలోనే ఉంది. మన పెద్దలు రాయవేలూరు అని పిలిచే వెల్లూరుకు 1946లో డాక్టర్ పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు వచ్చారు. ఆయన 1914లో తమిళనాడులోని కొల్లిమలై కొండల్లో మిషనరీ దంపతులకు జన్మించినవారు. క్రైస్తవ వైద్య కళాశాలలో పని చేస్తూ ఆయన కుష్ఠురోగుల చేతులను, పాదాలను పరిశీలించారు.

ఆ రోజుల్లో అందరూ కుష్ఠు వలన వ్రేళ్లు వాటంతట అవే కుళ్లి రాలిపోతాయని నమ్మేవారు. అది నిజం కాదని డాక్టర్ బ్రాండ్, ఆయన సహచరులు గ్రహించారు. ఆ క్రిమి నరాలను దెబ్బతీస్తుంది గనుక స్పర్శ పోతుంది. స్పర్శ పోయినవాడు కాలే గిన్నెను వట్టి చేతులతో దింపుతాడు, మేకు గుచ్చుకున్న కాలితోనే మైళ్లు నడుస్తాడు, కాలిలో పుండు ఉన్నా కుంటడు. ఒకసారి తుప్పు పట్టిన తాళం పెద్దవారికి తిరగకపోతే ఒక చిన్న పిల్లవాడు ముందుకు వచ్చి తిప్పేశాడట. తరువాత చూస్తే వాని వ్రేలు ఎముక దాకా తెగి ఉంది. వానికి బలం ఎక్కువై కాదు. "ఇక చాలు" అని చెప్పే నొప్పి లేనందువలన. కుష్ఠు ఈనాడు మందులతో పూర్తిగా నయమయ్యే వ్యాధి. అయినా ఒకసారి చచ్చిన నరం సాధారణంగా తిరిగి రాదు.

డాక్టర్ బ్రాండ్ 1966లో అమెరికా వెళ్లి, కార్విల్ ఆసుపత్రిలో కృత్రిమమైన నొప్పిని తయారు చేయడానికి ప్రయత్నించారు. చేతి తొడుగులలో, చెప్పులలో ఒత్తిడిని కనిపెట్టే సాధనాలు పెట్టారు. ప్రమాదం వచ్చినప్పుడు చెవిలో శబ్దం వినిపించేది. రోగులు దానిని లెక్కచేయలేదు. శబ్దానికి బదులు కరెంటు షాకు పెట్టారు. అప్పుడు వారు ముఖ్యమైన పని ఉన్నప్పుడు స్విచ్చి ఆపివేసి, ఆ పని ముగించుకొని, మళ్లీ వేసుకొనేవారు! ఏళ్ల తరబడి సాగిన ఆ ప్రయత్నాన్ని చివరకు విడిచిపెట్టారు.

వారిని చూసి మనం నవ్వనవసరం లేదు. మోకాలు నొప్పి పెడితే కారణం వెదకకుండా, మందుల షాపులో రెండు బిళ్లలు కొని వేసుకొని పనికి పోయేవారు మనలో ఎందరు? అదీ స్విచ్చి ఆపడమే. పైగా నొప్పి మాత్రలు నెలల తరబడి ఇష్టానుసారం వాడితే కడుపులో పుండు పడవచ్చు, మూత్రపిండాలు చెడవచ్చు.

2. ఆటల నుండి నేర్చుకొనే తేడా

నొప్పి అన్నంత మాత్రాన ఆగిపోవాలా? అలాగైతే ఎవరూ ఏ ఆటా నేర్చుకోలేరు. అలవాటు లేని వ్యాయామం చేసిన మరునాడు తొడలు, పిక్కలు పట్టేసినట్లుంటాయి. రెండు మూడు రోజులు అలా ఉండి, తగ్గిపోతుంది. రెండు కాళ్లూ సమానంగా, కండరమంతటా మొద్దుగా ఉండే నొప్పి అది. కండరం క్రొత్త పనికి అలవాటు పడుతున్నదని దాని అర్థం. దానికి భయపడనక్కరలేదు.

మరొక రకం నొప్పి ఉంది. ఒకే చోట, వ్రేలితో చూపగలిగేలా ఉంటుంది; పొడిచినట్లుంటుంది; ఆడేకొద్దీ పెరుగుతుంది; కీలు వాస్తుంది, లేక రాత్రి నిద్ర పోనివ్వదు. ఇది ఆగమని చెప్పే నొప్పి.

మన తెలుగు బిడ్డ పి.వి. సింధు 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల్లో క్వార్టర్ ఫైనల్ నాడే ఎడమ కాలిలో నొప్పి ఎరిగి, కట్టుతో ఆడి స్వర్ణ పతకం గెలిచింది. అది అందరికీ తెలుసు. ఆ తరువాత చేసినది చాలామందికి గుర్తులేదు. హైదరాబాదు చేరగానే స్కానింగు చేయించుకొన్నది. ఎముకలో సన్నని పగులు ఉన్నదని తేలింది. ఆ నెలలోనే జరగవలసిన ప్రపంచ పోటీలను మానుకొని, 2023 జనవరి వరకు ఆటకు దూరంగా ఉన్నది. పతకానికి ఎంత ధైర్యం కావాలో, ఆ విశ్రాంతికీ అంత ధైర్యం కావాలి.

బెంగుళూరు వాసి అనిల్ కుంబ్లే 2002 మే నెలలో అంటిగ్వాలో విరిగిన దవడకు కట్టు కట్టుకొని 14 ఓవర్లు వేసి, బ్రయన్ లారాను అవుట్ చేశారు. మన యువకులు ఈ సంగతిని ఎంతో గర్వంగా చెప్పుకొంటారు. వెంటనే ఆయన శస్త్రచికిత్స కోసం స్వదేశానికి బయలుదేరిన సంగతి కూడా చెప్పుకోవాలి.

నొప్పి ఒక్కటే సంకేతం కాదు. అమెరికా జిమ్నాస్టు సిమోన్ బైల్స్ టోక్యో ఒలింపిక్స్‌లో, 2021 జూలై 27న, గాలిలో తిరుగుతూ ఉండగా తన శరీరం ఎటు ఉన్నదో తనకే తెలియని స్థితికి వచ్చింది. ఆ స్థితిలో ఆడితే మెడ విరగవచ్చు. ఆమె జట్టు పోటీ నుండి తప్పుకొన్నది. పిరికిదన్నవారు ఉన్నారు. అదే ఒలింపిక్స్‌లో ఆమె మళ్లీ వచ్చి కాంస్యం, 2024లో పారిస్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది.

3. శరీరం మౌనంగా ఉండే చోట్లు

ఇది ఈ పాఠంలో అతి ముఖ్యమైన భాగం. నొప్పి లేదు గనుక రోగం లేదు అనుకోరాదు.

మొదటిది, షుగరు వ్యాధి. ఏళ్ల తరబడి షుగరు ఎక్కువగా ఉంటే పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. వెల్లూరు రోగులకు నేర్పిన పాఠమే వీరికీ వర్తిస్తుంది: నొప్పి చేయవలసిన పనిని కళ్లు చేయాలి. ప్రతి రాత్రి అరికాళ్లను అద్దం పెట్టి చూసుకోవాలి. స్నానపు నీళ్ల వేడిని కాలితో కాక మోచేతితో చూడాలి. బూట్లు దులిపి తొడుక్కోవాలి. మందిరం బయట చెప్పులు విడిచే సంఘాలలో, ఎండాకాలం మధ్యాహ్నం కాలే బండల మీద నడిచి, తెలియకుండానే బొబ్బలు తెచ్చుకొనే ప్రమాదం ఉంది. అటువంటివారు చెప్పులతోనే లోపలికి వస్తే పెద్దలు అభ్యంతరపెట్టకూడదు.

రెండవది, గుండె. ఛాతీ బరువు, ఎడమ చేతికి గాని దవడకు గాని ప్రాకే నొప్పి, చెమటలు, ఆయాసం కనిపిస్తే "గ్యాసు" అనుకొని సోడా తాగి పడుకోరాదు. స్త్రీలలోను, షుగరు ఉన్నవారిలోను ఛాతీ నొప్పి లేకుండా వట్టి నీరసంగా, అజీర్ణంగా కూడా రావచ్చు. ఆలస్యం చేయక 108కి ఫోను చేయాలి.

మూడవది, నొప్పి లేని గడ్డ. రొమ్ములో గడ్డ తగిలితే నొప్పి లేదు కదా అని మన తల్లులు, అక్కచెల్లెండ్రు సిగ్గుతో దాచుకొంటారు. రొమ్ము క్యాన్సరు తొలి దశలో తరచుగా నొప్పి పెట్టదు. త్వరగా కనిపెడితే చికిత్సకు ఎక్కువ అవకాశం ఉంటుంది.

4. జీవితంలో

మనసులోని కలవరం కూడా శరీరంలోనే తెలుస్తుంది. ఎవరికో అప్పుకు జామీను సంతకం పెట్టమన్నప్పుడు కడుపులో ఏదో బిగిసినట్లుంటుంది. ఆ బిగువు తీర్పు కాదు, గంట మాత్రమే. గంట మ్రోగితే కలము ప్రక్కన పెట్టి, కాగితాలు చదివి, నలుగురిని అడగాలి.

కాని ప్రతి బెరుకూ ప్రమాదానికి గుర్తు కాదు. భాష తెలియని ఊరిలో దిగిన మొదటి రోజున మన తాతలకు గుండె దడదడలాడి ఉంటుంది. ఆ దడకు లోబడి తిరుగు రైలు ఎక్కి ఉంటే మనం ఇక్కడ ఉండేవారం కాము. అది క్రొత్త వ్యాయామం చేసిన మరునాటి నొప్పి వంటిది; రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది. రోజులు గడిచేకొద్దీ పెరిగే కలవరాన్ని మాత్రం త్రోసివేయకూడదు.

గుర్తుంచుకోవలసిన మూడు ప్రశ్నలు

(అ) ఈ నొప్పి కండరమంతటా ఉన్నదా, ఒకే చోట పొడుస్తున్నదా?
(ఆ) పని చేసేకొద్దీ తగ్గుతున్నదా, పెరుగుతున్నదా?
(ఇ) రెండు మూడు రోజుల విశ్రాంతి తరువాత పోయిందా, నిలిచిందా?

రెండవ పక్షపు జవాబు ఒక్కటి వచ్చినా డాక్టరుకు చూపించుకోవాలి. గుండె లక్షణాలకు మాత్రం ఈ ప్రశ్నలతో పని లేదు. వెంటనే ఆసుపత్రికి పోవాలి.

చర్చకు

1. మన ఇంట్లో నొప్పిని దాచుకొనేవారు ఎవరు? ఎందుకు దాచుకొంటున్నారు: ఖర్చుకా, సిగ్గుకా, మెప్పుకా?
2. "ఎంత ఓర్పు గలవాడు" అని మనం పొగడే మాట ఎవరినైనా ఆసుపత్రికి వెళ్లకుండా ఆపుతున్నదా?
3. మీ కూడికలో షుగరు ఉన్న పెద్దల పాదాలను నెలకు ఒకసారి చూసే బాధ్యతను యౌవనస్థులలో ఎవరు తీసుకొంటారు? వారి పేర్లను ఈ కూడికలోనే వ్రాసుకోండి.