పింగాణి బొమ్మల పుట్టుపూర్వోత్తరములు



ప్రసిద్ధుల రూపములను ఇంట నిలుపుకొనవలెనను కోరిక క్రొత్తది కాదు. ఛాయాచిత్రములు పుట్టుటకు పూర్వమే ఐరోపాలో రాజుల, సేనానుల, నటీనటుల రూపములను పింగాణితో చేసి అమ్ముచుండిరి. నేడు వానిని సేకరించువారు అధికమూల్యము చెల్లించుచున్నారు. వెల హెచ్చిన వస్తువునకు నకలు పుట్టుట సహజము. కావున ఒక బొమ్మ ఎవరిది, ఎక్కడిది, ఎప్పటిది అని నిర్ణయించుటకు పరీక్షలు అవసరమైనవి. వానికి మూలసూత్ర మొక్కటే: వస్తువుపైనున్న పేరును నమ్ముటకు ముందు వస్తువునే ప్రశ్నింపవలెను.

ఒక ఉదాహరణము చూతము. కిట్టీ క్లైవ్ (1711–1785) లండను రంగస్థలమున పేరుగాంచిన హాస్యనటి. డేవిడ్ గారిక్ రచించిన ‘లీథి’ అను ప్రహసనమున ఆమె సొగసుకత్తె వేషము ధరించెను. లండనునకు తూర్పుననున్న బో అనుచోటి పింగాణి కర్మాగారమువారు 1750 ప్రాంతమున ఆ వేషముతో ఆమె బొమ్మను చేసిరి. అదే నాటకమున నటించిన హెన్రీ వుడ్‌వర్డ్ బొమ్మ దానికి జోడు. లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో కిట్టీ క్లైవ్ బొమ్మ కలదు.

ఆ బొమ్మ ఆమెదేయని ఎట్లు తెలియును? మొదటి సాక్ష్యము చిత్రము. థామస్ వర్లిడ్జ్ గీసిన ఆమె చిత్రమును ఛార్లెస్ మోస్లీ రాగిరేకుపై చెక్కి 1750లో అచ్చువేసెను. విశాలమైన ఆ పరికిణీ, చంకలోని ఆ చిన్నకుక్క బొమ్మలోను అట్లే యున్నవి. శిల్పి ఆ చిత్రమునుచూచి బొమ్మను మలచెనని దీనివలన తెలియుచున్నది.

రెండవ సాక్ష్యము మట్టి. బో కర్మాగారమువారు మట్టిలో పశువుల ఎముకల బూడిదను కలుపుచుండిరి. అందువలన ఆ పింగాణిలో భాస్వరము కనబడును. నేడు ఎక్స్‌కిరణముల సాయమున, బొమ్మకు హాని లేకుండనే దీనిని కనిపెట్టవచ్చును. పారిస్ నగరమున 1845లో స్థాపింపబడిన సామ్సన్ సంస్థ పాత బొమ్మలకు ప్రతులు చేయుటలో ప్రసిద్ధికెక్కినది. ఆంగ్లదేశపు మృదుపింగాణి బొమ్మలకు సైతము వారు గట్టిపింగాణితో ప్రతులు చేసిరి. ముద్రను అనుకరించుట సులభము. మట్టిని అనుకరించుట కష్టము.

మూడవ సాక్ష్యము కొలత. పింగాణి ఆవములో కాలినప్పుడు కుంచించుకొనిపోవును. కావున అసలు బొమ్మనుండియే అచ్చుతీసి చేసిన నకలు అసలుకంటె చిన్నదగును. ఎనిమిదవ వంతు తగ్గునని అనుకొన్నచో, 24 సెంటీమీటర్ల బొమ్మకు నకలు 21 సెంటీమీటర్లే యుండును. అయితే కొలత యొక్కటే చాలదు. తక్కిన సాక్ష్యములతో కలిపి చూడవలెను.

నాలుగవది పరంపర: బొమ్మ ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినదో తెలుపు రసీదులు, ఇంటి సామానుల జాబితాలు, వేలముపాటల పట్టికలు.

ఒక్కొక్కప్పుడు అసలు బొమ్మయే అబద్ధమాడును! 19వ శతాబ్దమున ఆంగ్లదేశమునందలి స్టాఫర్డ్‌షైరు కుమ్మరులు ప్రసిద్ధుల బొమ్మలను చౌకగా చేసి అమ్మిరి. అవి పింగాణివి కావు, మెరుగుపూత గల మట్టిబొమ్మలు. వానిలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ రూపముగల కొన్నింటిపై ‘వాషింగ్టన్’ అని పేరున్నది. బొమ్మ పాతదే, కుమ్మరియు ఆనాటివాడే, పేరు మాత్రము తప్పు. కావున ‘ఇది అసలుదా?’ అను ప్రశ్న వేరు, ‘ఇది ఎవరిది?’ అను ప్రశ్న వేరు. ఒకదానికి దొరకిన జవాబును రెండవదానికి వాడరాదు.

ఈ విధానము ధనవంతుల సేకరణలకే పరిమితము కాదు. తరములక్రిందట ఈ ప్రాంతమునకు వచ్చి స్థిరపడిన మన కుటుంబములలో పాత్రయో, పెట్టెయో, తాటాకు పుస్తకమో ఉండవచ్చును. వాని కథ తెలిసినవారు మన తాతలు, అవ్వలు. వారు చెప్పినప్పుడే తెలుగున వ్రాసియుంచిననాడు అది పరంపరకు సాక్ష్యమగును. వ్రాయనినాడు వస్తువు మిగిలినను దాని కథ నశించును. వ్రాయునపుడు వారు కన్నది వేరుగను, విన్నది వేరుగను గుర్తింపుడు. తల్లిదండ్రులు కూడ ఈ పనిలో పిల్లలకు తోడ్పడుదురుగాక!

అభ్యాసము

1. నకలు బొమ్మ అసలుకంటె ఏల చిన్నదగును?
2. అసలు బొమ్మ 32 సెంటీమీటర్లున్న, పై లెక్క ప్రకారము నకలు ఎంత యుండును?
3. మీ యింటనున్న ఒక పాతవస్తువు చరిత్రను పెద్దల నడిగి పది వాక్యములలో వ్రాయుడు.