వెన్నకు పసుపు వన్నె ఎక్కడిది?

పాల సేకరణ కేంద్రాల వద్ద సభ్యులు, ముఖ్యంగా సభ్యురాండ్రు, తరచు అడిగే ప్రశ్న ఒకటున్నది. "మా గేదె పాలకు వెన్న శాతం 7 వస్తున్నది. ఇంట్లో చిలికిన వెన్న మల్లెపువ్వులా ఉంటుంది. పట్నంలో ప్యాకెట్లలో అమ్మే వెన్న మాత్రం పసుపుగా ఉంటుందేం? అందులో ఏం కలుపుతారు?" ప్రశ్న న్యాయమైనదే.

పశువులు మేసే పచ్చిమేతలో కెరోటిన్ అనే పసుపు పదార్థం ఉంటుంది. ఆకులోని పచ్చదనం దానిని కప్పివేయడంచేత మన కంటికి కనపడదు. గేదె తాను తిన్న కెరోటిన్‌ను దాదాపు అంతా 'ఎ' విటమినుగా మార్చుకుంటుంది. ఆ విటమినుకు కంటికి కనిపించే రంగు లేదు. ఆవు మాత్రం కొంత కెరోటిన్‌ను మార్చకుండానే పాలలోకి వదులుతుంది. అది కొవ్వులో కరిగే పదార్థం కనుక వెన్నలో చేరి పసుపు వన్నె ఇస్తుంది. కాబట్టి గేదెవెన్న తెలుపు లోపమూ కాదు, ఆవువెన్న పసుపు చిక్కదనానికి గుర్తూ కాదు.

ఆవువెన్న కూడా ఏడాది పొడుగునా ఒకే తీరున ఉండదు. వానలు పడి పచ్చిగడ్డి దొరికినన్నాళ్ళు పసుపు వస్తుంది. ఎండుగడ్డికి, చొప్పకు దిగగానే వెలవెలపోతుంది. మేత ఎండలో ఆరేటప్పుడు కెరోటిన్ చాలావరకు నశించడమే కారణం. కొనేవారికి ఈ సంగతి తెలియక, రంగు తగ్గితే సరుకే మారిందని అనుమానిస్తారు. అందుకే డెయిరీలు రొట్టెకు రాసుకునే ఉప్పు వెన్నకు కొద్దిగా రంగు చేరుస్తాయి.

పూర్వం పాశ్చాత్య దేశాలలో ఇందుకు క్యారెట్ రసం, బంతి జాతి పూల రేకులు వాడేవారు. తరువాత చవకైన రసాయనపు రంగులు వచ్చాయి. 'బటర్ ఎల్లో' అని వెన్న పేరే పెట్టుకున్న రంగు ఒకటి ఉండేది. 1930 దశకంలో దానిని ఎలుకలకు మేపి చూడగా కాలేయంలో క్యాన్సరు గడ్డలు లేచాయి. పేరు చూసి మోసపోరాదనడానికి ఇంతకంటే సాక్ష్యమేమి కావాలి?

ఇప్పుడు వెన్నకు ఎక్కువగా వాడేది జాఫ్రా రంగు. దీని పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలు. మన రాష్ట్రంలోనూ పెరుగుతుంది. కాయ ఆముదపు కాయలా ముళ్ళతో ఉంటుంది. విప్పితే లోపలి గింజలకు ఇటుకరాయి రంగు పూత కనబడుతుంది. చేతికి అంటితే ఊరికే పోదు. ఆ పూతలోని ముఖ్య పదార్థం బిక్సిన్. గింజలను వెచ్చని నూనెలో వేసి రాపిడి పెడితే పూత ఊడి నూనెలో చేరుతుంది. వెన్నకు వాడేది ఇదే. దీనిని చిలకడానికి ముందే మీగడలో కలపాలి. క్షారంతో తీస్తే నీటిలో కలిసే రకం వస్తుంది. దానిని మీగడలో పోస్తే చాలా భాగం మజ్జిగతో కొట్టుకుపోతుంది. అదే జున్నుగడ్డకు, అంటే చీజ్‌కు, బాగా పనికివస్తుంది. పాలలోని కేసిన్‌ను పట్టుకొని ఉంటుంది.

మొక్కనుంచి రంగు తీయడం కష్టం కాదు, దానిని నిలపడమే కష్టం. పసుపుకొమ్ములోని కుర్కుమిన్ వెలుతురులో వెలిసిపోతుంది. పసుపులో సున్నం పడితే ఎర్రని పారాణి అవుతుందని మన ఆడపడుచులకు చెప్పనక్కరలేదు. నేరేడు రంగుదీ ఇలాంటి స్వభావమే: పులుపులో ఎరుపు, పులుపు తగ్గితే నీలం వైపు తిరుగుతుంది. పెరుగులో చక్కగా కనిపించే ఆ రంగు తియ్యని పాలలో మసకబారిపోతుంది. బీట్‌రూట్ రంగు వేడికి ఆగదు కాని ఐస్‌క్రీములో నిలుస్తుంది.

ఇక్కడ సభ్యులు ముఖ్యంగా గమనించవలసిన విషయం ఉన్నది. పాలలోను, నెయ్యిలోను ఏ రంగూ కలపరాదు. అది పసుపైనా, జాఫ్రా అయినా సరే. 1954 నాటి కల్తీ నిరోధక చట్టం కింద నెయ్యికి ఈ నిషేధం ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కిందా ఉన్నది. గేదె నెయ్యిని ఆవు నెయ్యిగా చూపడానికి చిటికెడు పసుపు చాలుననుకొనేవారు లేకపోలేదు. దొరికితే అది కల్తీ కిందనే లెక్క. ఒకరు చేసిన పనికి సంఘం సరుకంతటికీ చెడ్డపేరు వస్తుంది. పైగా సంఘంలో పాల ధర కట్టేది వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. శాతాలను బట్టి, రంగుకు పైసా రాదు.

ఈసారి పట్నం వెళ్ళినప్పుడు వెన్న ప్యాకెట్ తిప్పి చూడండి. 160బి అని ఉంటే జాఫ్రా, 160ఎ అయితే కెరోటిన్ (ఇది ఫ్యాక్టరీలో చేసినదీ కావచ్చు), 100 అయితే పసుపులోని కుర్కుమిన్.