వేరు తెలిస్తే మాట తెలిసినట్టేనా?

ప్రాచీన గ్రీకు మొదలుపెట్టినవాళ్లకి ముందుగా దొరికే చిట్కా ఒకటుంది: ధాతువులు బట్టీ పట్టండి, మిగతా మాటలు వాటంతట అవే అర్థమవుతాయి. వంద ముక్కలు గుర్తుంటే వేల మాటలు వస్తాయంటే ఎవరికి చేదు? మన బ్రాంచి వాళ్లకైతే మరీ నచ్చుతుంది. ఇది ఎంతవరకు నిజమో ఒక్క ధాతువు పట్టుకుని చూద్దాం.

'బల్లో' అంటే విసురుతాను. (గ్రీకు నిఘంటువుల్లో క్రియని 'నేను' రూపంలోనే ఇస్తారు.) ముందు 'ఎక్', అంటే బయటికి, చేరిస్తే 'ఎక్‌బల్లో': బయటికి గెంటేస్తాను. 'ఎయిస్', అంటే లోపలికి, చేరిస్తే 'ఎయిస్‌బల్లో': లోపలికి విసరడం, సైన్యం గురించైతే పరాయి నేలలోకి చొరబడటం. ఇక్కడిదాకా లెక్క బాగానే కుదిరింది. ఇప్పుడు 'దియా' చేర్చండి. దానికి 'గుండా, అవతలికి' అని అర్థం. 'దియాబల్లో' అంటే అవతలికి విసరడమే కదా? ఆ అర్థం ఉంది కూడా. కానీ ఏథెన్స్ కోర్టు ప్రసంగాల్లో ఈ మాట తగిలితే, ఒకరి మీద లేనిపోనివి చెప్పి చెడ్డపేరు తేవడం అని. అర్థం తెలిశాక 'ఓహో, నిందలు విసరడమా' అని కలుపుకోగలం. తెలియకముందు మాత్రం ఊహించలేం. తేడా అంతా అక్కడే ఉంది.

ఇదేదో గ్రీకు వింత అనుకోకండి. వెళ్లగొట్టు, పడగొట్టు అన్నప్పుడు కొట్టడం ఎంతో కొంత కనిపిస్తుంది. 'అప్పు ఎగ్గొట్టాడు' అంటే ఎవరు ఎవర్ని కొట్టినట్టు? పంకజం అంటే బురదలో పుట్టింది, కానీ బురదలో పుట్టిన పురుగుని ఎవరూ పంకజం అనరు. దీనికి మన పాత వ్యాకరణాల్లో 'యోగరూఢి' అని పేరే ఉంది. ముక్కలు కలిసి అర్థం ఇస్తాయి, కానీ ఆ అర్థం ఎక్కడ ఆగాలో వాడుక చెబుతుంది.

ఇంగ్లిష్ మీడియం వాళ్లకి ఇంకో ఉచ్చు ఉంది. క్రీ.పూ. 399లో సోక్రటీస్ మీద జరిగిన విచారణ గురించి ప్లేటో రాసిన పుస్తకాన్ని ఇంగ్లిష్‌లో 'అపాలజీ' అంటారు. పేరు చూస్తే ముసలాయన సారీ చెప్పాడేమో అనిపిస్తుంది. గ్రీకు 'అపోలోగియా' అంటే ఆరోపణకి కోర్టులో ఇచ్చే జవాబు. ఆయన సారీ చెప్పడం అటుంచి, దోషి అని తేల్చాక కూడా, నాకు తగిన శిక్ష ప్రభుత్వ ఖర్చుతో భోజనం పెట్టడమే అంటాడు! ఇంగ్లిష్ అర్థంతో చదివితే ఆ మనిషే మారిపోతాడు.

'దునామిస్' కథా అంతే. ఆ మాటకి శక్తి అని అర్థం. 1867లో నోబెల్ తన పేలుడు పదార్థానికి డైనమైట్ అని పేరు పెట్టింది దాన్నుంచే. అలాగని పాత గ్రంథాల్లోని దునామిస్‌లో పేలుడు వెతికితే ఎలా? కొడుకుని చూసి తాతకి పోలికలు అంటగట్టడమే.

బైబిల్ పదాల విషయంలో ఈ అలవాటుని జేమ్స్ బార్ 1961లో తన పుస్తకంలో గట్టిగా ఉతికాడు. వాక్యాన్ని వదిలేసి వేరుని తవ్వడం ఏమిటన్నది ఆయన గొడవ.

అలాగని ధాతువుల లిస్టు పారేయక్కర్లేదు. గుర్తుపెట్టుకోడానికి అది మంచి కొక్కెం. నా ఫ్లాష్‌కార్డుల్లో ఒకవైపు మాట, దాన్ని వాడిన గ్రీకు వాక్యం ఉంటాయి. వెనకవైపు ముందు అర్థం, దాని కింద చిన్న అక్షరాలతో ధాతువు.