చలికాలపు చెరువులో చేపలు, పరాన్నజీవులు

మార్గశిర, పుష్య మాసాలలో తెల్లవారుజామున చెరువుగట్టుకు వెళ్లినవారికి ఒక్కొక్క ఏడు కలవరపెట్టే దృశ్యం ఎదురవుతుంది. కొరమీను నీటి పైభాగానికి వచ్చి, మనిషి అలికిడి విన్నా లోనికి పోలేక మందకొడిగా కదులుతూ ఉంటుంది. దాని ప్రక్కభాగాన ఎర్రని పుండు కనిపిస్తుంది. నీటిలో విషం కలిసిందని ఒకరంటారు, ఇక చేపలే తినరాదని మరొకరంటారు. చేపలు పట్టి జీవించేవారి గంపలు అమ్ముడుపోక తిరిగి ఇంటికి చేరతాయి. ఈ భయాలలో ఏది తగినదో, ఏది తగనిదో తేల్చుకోవాలంటే చేపకూ దానిపై ఆధారపడి బ్రతికే జీవులకూ గల సంబంధాన్ని తెలుసుకోవాలి.

1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయిన తరువాత ఎడమ కాలువ ఆయకట్టుకు ఎన్నో తెలుగు కుటుంబాలు తరలివచ్చి క్యాంపులలో స్థిరపడ్డాయి. బాళగనూరు పరిసరాలలోని మనకు కాలువ నీరే ఆధారం. కాలువ ఆగిన నెలలలో చెరువుల మట్టం తగ్గి, చేపలు కొద్దిపాటి నీటిలో కిక్కిరిసి ఉంటాయి. ఒక చేపను పట్టిన పరాన్నజీవి మరొక చేపను చేరడానికి అటువంటి సమయమే అనుకూలం. కావున ఈ పాఠం మన నీటికీ మన భోజనానికీ సంబంధించినది.

చలి చేసే పని

చేప శీతరక్త జీవి. నీటి ఉష్ణోగ్రత ఎంతో దాని దేహపు ఉష్ణోగ్రత కూడా ఇంచుమించు అంతే. నీరు చల్లబడినప్పుడు చేప జీర్ణశక్తితోపాటు రోగనిరోధక శక్తి కూడా మందగిస్తుంది. ఆ సమయంలోనే ఎర్రపుండ్ల వ్యాధి విజృంభిస్తుంది. దీనికి మూలం అఫనోమైసిస్ ఇన్వాడన్స్ అనే నీటిబూజు. నీటి ఉష్ణోగ్రత 18 నుండి 22 డిగ్రీల సెల్సియస్ వరకు పడిపోయినప్పుడు చేప దానిని ఎదిరించలేదు. చర్మంలో దిగిన బూజు కండరాలలోనికి పాకి పుండుగా మారుతుంది.

ఈ వ్యాధిని 1971లో జపానులోనూ 1972లో ఆస్ట్రేలియాలోనూ గుర్తించారు. 1988లో ఇది ఈశాన్య రాష్ట్రాల మీదుగా భారతదేశంలో ప్రవేశించి క్రమంగా ఇతర రాష్ట్రాలకు వ్యాపించింది. కొరమీనుకు దీని బెడద ఎక్కువ. తిలాపియా దీనిని చాలావరకు తట్టుకుంటుంది. ఈ బూజు మనుషులకు సోకదు. అయితే తెరచుకున్న పుండులో ఇతర సూక్ష్మజీవులు చేరతాయి గనుక పుండ్లున్న చేపను తినకూడదు, అమ్మకూడదు. అదే చెరువులోని ఆరోగ్యవంతమైన చేపను బాగా ఉడికించి తినడానికి సందేహించనక్కరలేదు.

చేప పేను

బొచ్చె, శీలావతి వంటి చేపల ఒంటిపై కొన్నిసార్లు పలుచని, గుండ్రని పురుగులు అతుక్కొని కనిపిస్తాయి. వీటికి చేప పేను అని పేరు, శాస్త్రనామం ఆర్గులస్. నిజానికి ఇది పీత, రొయ్యల వర్గానికి చెందిన జీవి. రెండు చూషకాలతో చేపను పట్టుకొని రక్తం పీలుస్తుంది. దురదకు తాళలేక చేప తన ఒంటిని రాళ్లకు రాసుకుంటుంది. ఆ గాయాలలోనికి ఇతర వ్యాధులు ప్రవేశిస్తాయి.

ఆడ పేను గుడ్లు పెట్టవలసి వచ్చినప్పుడు చేపను విడిచి రాళ్లకు, వెదురుబొంగులకు, మునిగిన చెక్కలకు గుడ్లను వరుసగా అంటిస్తుంది. చలికి ఆ గుడ్లు చావవు. పొదగడానికి మరికొంత కాలం తీసుకుంటాయి, అంతే. ఈ అలవాటును తెలిసిన పెంపకందారులు చెరువులో వెదురుబొంగులో చెక్కపలకలో దించి, కొన్ని రోజులకొకమారు పైకి తీసి, ఎండలో బాగా ఆరబెట్టి గుడ్లను నశింపజేస్తారు.

కొంగ, నత్త, చేప

కొన్ని పరాన్నజీవులకు ఒక్క ప్రాణి ఆశ్రయం చాలదు. చేపను కోసినప్పుడు కండలోనో కాలేయంలోనో పసుపుపచ్చని సంచివంటి పురుగు కనిపించడం కద్దు. అది క్లినోస్టోమమ్ వర్గపు చదును పురుగు. కొంగ గొంతులో పెరిగిన పురుగు పెట్టిన గుడ్లు నీటిలో పడతాయి. వాటినుండి వెలువడిన డింభకం మొదట నత్తలోనికి, తరువాత చేపలోనికి చేరుతుంది. ఆ చేపను కొంగ మింగడంతో చక్రం పూర్తి అవుతుంది. వాలుగ చేప గాలితిత్తిలో కనబడే నల్లని పురుగు కూడా ఈ చదును పురుగుల జాతిదే. ఈ మూడు ప్రాణులలో ఏ ఒక్కటి లేకున్నా చక్రం ఆగిపోతుంది.

శీతల సరస్సులనుండి ఒక పాఠం

ఉత్తర ఐరోపాలోని ఫిన్లాండు వేలాది సరస్సుల దేశం. అక్కడి చల్లని నీటిలో సైక్లాప్స్ వంటి అతి చిన్న జీవులు బద్దెపురుగు డింభకాన్ని మింగుతాయి, వాటిని చేప మింగుతుంది, పచ్చిగానో సగం ఉడికిన స్థితిలోనో ఆ చేపను మనిషి తింటాడు. అటుపైన మనిషి పేగులో పురుగు మీటర్ల పొడవున పెరిగి, కొందరిలో బి12 విటమిన్ లోపాన్ని కలిగిస్తుంది. 1940లలో ఆ దేశంలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఈ పురుగు ఉండేది. మలజలాలు సరస్సులో కలవకుండా చూడడం, చేపను ఉడికించి తినడం, రోగులకు చికిత్స చేయడం వల్ల అది బహుకొద్దిమందికి పరిమితమైంది.

మన దేశంలోనూ ఇటువంటి విజయం ఉన్నది. దిగుడుబావుల నీటిలోని సైక్లాప్స్ ద్వారా నారికురుపు పురుగు మనుషులకు సోకేది. నివారణ కార్యక్రమం మొదలైన నాటికి ఈ వ్యాధి ఏడు రాష్ట్రాలలో ఉండేది. వాటిలో కర్ణాటక, అవిభక్త ఆంధ్రప్రదేశ్ ఉన్నాయి. దానికి మందు లేదు, టీకా లేదు. నీటిని గుడ్డతో వడకట్టడం, కురుపున్నవారు తాగునీటిలో దిగకుండా చూడడం, సురక్షిత నీటిని అందించడం ద్వారానే చక్రం తెగింది. 1996 జూలైలో చివరి రోగి నమోదైన తరువాత, 2000 ఫిబ్రవరిలో భారతదేశం ఆ వ్యాధినుండి విముక్తమైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

మన చేతిలోని లంకె

చలిని మనం ఆపలేము, కొంగను తరమలేము. మనం తెంచగల లంకెలు ఇవి:

1. చచ్చిన చేపలను, చేప పేగులను చెరువులోగాని కాలువలోగాని వేయవద్దు. నీటికి దూరంగా లోతైన గుంట తీసి పూడ్చండి.

2. పచ్చి పేగులను పిల్లులకు, కుక్కలకు వేయవద్దు. గ్నాతోస్టోమా వంటి పురుగులు వాటి కడుపులో పెరిగి, మలం ద్వారా తిరిగి నీటిని చేరతాయి.

3. ముక్క మధ్యభాగం కూడా 63 డిగ్రీల వేడికి చేరేవరకు ఉడికించండి. తెర్లిన పులుసుకు భయం లేదు. గట్టుమీద పైపైన కాల్చిన చేపతోనే జాగ్రత్త వహించాలి.

4. తాగునీటిని వడకట్టి, మరిగించి తాగండి.

5. తాగునీటి చెరువులో సున్నంగాని మందుగాని ఎవరూ స్వయంగా చల్లరాదు. సొంత చెరువులో సైతం మత్స్యశాఖవారి సలహా మేరకే వాడాలి.

పుండ్లున్న చేపలు కనిపించిన వెంటనే తాలూకా మత్స్యశాఖ కార్యాలయానికి తెలియజేయండి. కన్నడంలో ఆ శాఖ పేరు ‘మీనుగారికె ఇలాఖె’. భాష రాదన్న సంకోచంతో ఆగిపోవద్దు. ‘కెరెయ మీనిగె హుణ్ణు బందిదె’ అన్న ఒక్క వాక్యం చాలు. చెరువులోని చేపకు పుండు వచ్చిందని దాని అర్థం. ఏ చెరువు, ఏ చేప, ఎన్నాళ్లుగా అన్న మూడు వివరాలు వ్రాసి ఇస్తే మరింత మేలు.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. చలికాలంలో చేపకు వ్యాధులు ఎందుకు హెచ్చుతాయి?

2. చెరువులోని వెదురుబొంగును పైకి తీసి ఎండబెడితే చేప పేను ఎలా తగ్గుతుంది?

3. మందు లేని నారికురుపును మన దేశం ఏ లంకె తెంచి తొలగించింది? మీ వీధిలో నేడు తెంచవలసిన లంకె ఏది?